కుర్చీ ఎక్కడో తేలితే మడి ఎక్కడో తేలుతుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంటి వెనక పడమర వైపు ఖాళీ స్థలం ఉంది. గోడ నుంచి పడమరగా 40 అడుగులు, ఇంటి వెంబడి 30 అడుగులు. సాయంత్రాలు ఇంటిల్లిపాదీ కూర్చోవడానికి ఒక చోటు, దాని చుట్టూ కోసుకుని వండుకోగల మొక్కలు కావాలి. ఇద్దరు చిన్న పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో ఉన్న అమ్మగారు. స్థలమంతా కాంక్రీట్ వేసి అంచుల వెంట కుండీలు పెట్టుకోమని మేస్త్రీ అన్నాడు. అలా చేయొచ్చా, లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. దోమల సంగతేమిటనీ అడిగారు.

అలా మాత్రం చేయకండి. 1200 చదరపు అడుగుల కాంక్రీట్ పగలంతా ఎండను తాగి సాయంత్రం నుంచి వేడిని బయటికి వదులుతుంది. సరిగ్గా మీరు కూర్చోవాలనుకున్న వేళకే ఆ చోటు కూర్చోలేనంత వేడిగా ఉంటుంది. కుండీల పరిస్థితి ఇంకా కష్టం. కింద నుంచి గచ్చు వేడి, పక్కల నుంచి ఎండ తగిలి వేళ్ళు ఉడికిపోతాయి. మండు వేసవిలో రెండు పూటలా నీళ్ళు పోయాలి. ఒక్కరోజు ఊరెళ్ళినా మొక్కలు వాడిపోతాయి. వాన నీళ్ళు ఇంకే దారి లేక తలుపు వైపు వచ్చే ప్రమాదం వేరే.

ఇరవై ఏళ్ళకు పైగా పెరటి తోటలు వేస్తూ, వేయిస్తూ ఉన్నాను. ఈ పనిలో అసలు చిక్కు ఒక్కటే. మనిషికి నీడ కావాలి, కాయగూరకు ఎండ కావాలి. ఈ రెండూ ఒకే స్థలంలో ఎలా పొసగాలి అన్నది తేలితే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. అందుకే మొక్కలు కొనడానికి ముందు, మేస్త్రీని పిలవడానికి ముందు, రెండు కుర్చీలు తీసుకెళ్ళి పెరట్లో వేయండి. రెండు వారాలపాటు రోజూ సాయంత్రం అక్కడ కూర్చోండి. ఒకరోజు ఇటు, ఇంకోరోజు అటు జరపండి. గాలి ఎటు నుంచి వస్తుంది, పక్కింటి కిటికీ మీ మీదికి ఎక్కడ చూస్తోంది, వంటింటి నుంచి టీ తీసుకురావడానికి ఎన్ని అడుగులు పడుతున్నాయి, లోపల పిల్లలు పిలిస్తే వినిపిస్తోందా, ఇవన్నీ కాగితం మీద తెలియవు. ఒక సెలవురోజు ఉదయం 9కి, 12కి, 3కి, 5కి అదే చోట నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీయండి. నీడ ఎక్కడుందో అక్కడ పుల్లలు పాతండి. కాలాన్ని బట్టి నీడ పొడవు మారుతుంది కాబట్టి మూడు నెలల తర్వాత మళ్ళీ ఒకసారి చూడాలి. అప్పటిదాకా పని ఆపనక్కర్లేదు.

మీ స్థలం ఇంటికి పడమర ఉండటం వల్ల కొన్ని సంగతులు ఇప్పుడే చెప్పగలను. ఉదయం ఇంటి నీడ పెరట్లో పడుతుంది. 12 అడుగుల ఎత్తు ఇల్లయితే, సూర్యుడు 45 డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి నీడ సుమారు 12 అడుగుల దూరంలో ఉంటుంది. అంటే గోడకు దగ్గరగా ఉన్న మొదటి 12 అడుగుల పట్టీకి మధ్యాహ్నం దగ్గరపడ్డాకే ఎండ వస్తుంది. అంతకు అవతల ఉన్న చోటుకు పొద్దున్నే మొదలవుతుంది. రెండంతస్తుల ఇల్లయితే ఈ పట్టీ ఇంకా పెద్దది. సాయంత్రం మాత్రం పడమటి ఎండ అడ్డం లేకుండా ముఖం మీదికి కొడుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎండ ఎక్కువగా ఉందని పైన పందిరి వేయిస్తారు. పందిరి నడినెత్తిన ఉన్న సూర్యుణ్ణి ఆపుతుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత పక్క నుంచి వచ్చే ఎండను అది ఆపలేదు. మీరు కూర్చునేదేమో సాయంత్రం. మీకు కావలసింది నిలువు దడి. గోడ నుంచి 12 అడుగుల దూరంలో, ఇంటికి సమాంతరంగా, 7 అడుగుల ఎత్తున గట్టి గుంజలు పాతి వాటి మధ్య తీగ వల కట్టండి. దాని మీదికి తీగ మొక్కలు పాకించండి. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి 7 అడుగుల దడి నీడ దాదాపు 12 అడుగులు సాగుతుంది. అంటే గోడకూ దడికీ మధ్యనున్న చోటంతా నీడలోకి వస్తుంది. దడికి అవతల, పడమర వైపున్న మడులకు ఆ నీడ అసలు తగలదు. మనిషికి నీడ, పంటకు ఎండ ఒకే దడితో కుదిరిపోయాయి. ఒక వైపు చివర నాలుగడుగులు దారికి వదిలేయడం మర్చిపోకండి.

దడి మీదికి చిక్కుడు, బీన్స్, దోస, కాకర, బచ్చలి లాంటివి మంచివి. సొర, గుమ్మడి లాంటి బరువు కాయలకు విడిగా వేరే ఊతం ఇవ్వండి, తల మీద వేలాడనివ్వకండి. చలికాలం గట్టిగా ఉండే ప్రాంతమైతే ద్రాక్ష చాలా అనువు. ఎండాకాలం ఆకు దట్టంగా ఉంటుంది, చలికి ఆకు రాల్చి ఎండను లోపలికి వదులుతుంది. అయితే పండిన ద్రాక్షకు కందిరీగలు వస్తాయి. కుర్చీల వైపు వేలాడే గుత్తులు పిందె దశలోనే తుంచేయండి. మల్బరీ, నేరేడు చెట్లను కూర్చునే చోటికి దగ్గరగా పెట్టొద్దు. రాలిన పండ్ల మరకలు గచ్చు మీద నుంచి అంత తేలిగ్గా పోవు. అవి తొక్కిన చెప్పులతో పిల్లలు ఇంట్లోకి వస్తారు.

ఇప్పుడు గచ్చు సంగతి. 14 అడుగులకు 12 అడుగులు చాలు మీ కుటుంబానికి. మొదట్లో నేను మా పెరట్లో 8 అడుగుల చదరం వేయించాను. కాగితం మీద సరిపోయింది. బల్ల వేసి కుర్చీ వెనక్కి లాగితే కాళ్ళు మట్టిలోకి దిగాయి. బల్ల అంచు నుంచి అన్ని వైపులా కనీసం 3 అడుగులు ఉంటేనే కుర్చీ జరిపి లేవగలం, వెనక ఇంకొకరు నడవగలరు. అందుకే గచ్చు వేయించే ముందు తాడుతో హద్దు వేసి, నిజంగానే బల్ల, కుర్చీలు పెట్టి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చూడండి.

కాంక్రీట్ బదులు రాతి పలకలో, ఇటుకలో పరవమంటాను. మట్టి తీసి, 4 అంగుళాల కంకర వేసి దిమ్మిస చేయించి, పైన ఒక అంగుళం ఇసుక పరిచి వాటిని పేర్చాలి. దిమ్మిస సరిగా చేయకపోతే మొదటి వానాకాలానికే పలకలు కుంగుతాయి. ఇక్కడ తొందరపడనివ్వకండి, మీరు దగ్గరుండి చూసుకోండి. సందుల్లో సిమెంట్ పూయకపోతే వాన నీళ్ళు కొంత ఇంకుతాయి. వాలు తప్పనిసరిగా ఇంటి నుంచి దడి వైపుకు ఉండాలి. అడుగుకు పావు అంగుళం చొప్పున 12 అడుగులకు 3 అంగుళాల దిగుడు. ఆ నీళ్ళు నేరుగా దడి పాదులోకి పోతాయి. గచ్చు మట్టం ఇంటి లోపలి నేల కంటే కనీసం 6 అంగుళాలు కింద ఉంచండి.

పలకలు పరిచే ముందు రెండు ఖాళీ పీవీసీ పైపులు గచ్చు కింద అడ్డంగా పాతి, మూతులు మూసి పెట్టండి. ఒకటి నీళ్ళ గొట్టానికి, ఒకటి కరెంటు వైరుకు. ఇప్పుడు అవసరం లేదనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి డ్రిప్ వేద్దాం, దీపం పెడదాం అనిపిస్తుంది. అప్పుడు గచ్చు పగలగొట్టాల్సిన పని ఉండదు. ఇంతవరకూ నేను వేయించిన ఏ తోటలోనూ ఆ పైపులు వాడకుండా ఉండిపోలేదు.

ఇక మొక్కలు. ఏ మొక్క ఎక్కడ అన్నదానికి నేను పాటించే లెక్క చాలా చిన్నది. రోజూ కోసేది తలుపు పక్కన, రెండు మూడు రోజులకోసారి కోసేది దడి అవతల, ఏడాదికోసారి కోసేది చివరి హద్దున. మా మొదటి కూరగాయల మడి నేను పెరటి చివర వేశాను, ఎండ బాగుందని. కొత్తిమీర కోసం చీకట్లో చెప్పులేసుకుని అంత దూరం ఎవరూ వెళ్ళలేదు. అది పూతకొచ్చి ఎండిపోయింది. పురుగు పట్టిన సంగతి ఆకులన్నీ జల్లెడ అయ్యాక గానీ చూడలేదు. ఆ తర్వాతి ఏడాది అవే మొక్కలు కుర్చీ పక్కకు మార్చాను. టీ తాగుతూ ఆకు తిరగేసి చూడటం అలవాటైంది. గుడ్లు కనిపిస్తే అక్కడికక్కడే నలిపేయడం, గొంగళి పురుగు కనిపిస్తే ఏరేయడం. ఆకు రసం పీల్చే పేనుబంక కనిపిస్తే గట్టిగా నీళ్ళు కొట్టడం. మందు కొట్టే అవసరం దాదాపు పోయింది. మనుషులు కూర్చుని తినే చోట మందు కొట్టాల్సి రావడం ఎలాగూ మంచిది కాదు.

మీ స్థలంలో ఈ లెక్క ఎండతో చక్కగా కలిసొస్తుంది. గచ్చు 14 అడుగులు పోగా రెండు పక్కలా 8 అడుగుల చొప్పున మిగులుతుంది. దడిని ఆ పక్కలకు కూడా సాగదీస్తే అక్కడ మధ్యాహ్నం మూడు నాలుగు గంటల ఎండ పడి, సాయంత్రానికి నీడ వచ్చేస్తుంది. పాలకూర, తోటకూర, మెంతి, లెట్యూస్, కొత్తిమీర, పుదీనాలకు ఆ ఎండ చాలు. గోడ మొదట్లో ఇంకా నీడగా ఉండే చోట అల్లం, పసుపు వేసుకోండి, అవి పలచని నీడలో బాగా వస్తాయి. పుదీనాను మాత్రం మడిలో వదలొద్దు. దాని కాడలు భూమి లోపల పాకి మిగతా మొక్కల్ని తోసేస్తాయి, తొట్టిలోనే ఉంచండి. టమాటా, వంగ, మిరప, బెండలకు రోజుకు 6 నుంచి 8 గంటల నేరు ఎండ ఉండాలి. వాటి చోటు దడి అవతల. నీడలో టమాటా బతుకుతుంది, పొడుగ్గా పెరుగుతుంది, కాయ మాత్రం సరిగా పట్టదు.

చివరి హద్దున నిమ్మ, జామ, దానిమ్మ లాంటి చిన్న చెట్లు ఒకటి రెండు చాలు, అంటు కట్టినవి తీసుకోండి. మీరు ఉత్తరార్ధగోళంలో ఉంటే వాటిని ఉత్తరపు మూలలో, దక్షిణార్ధగోళంలో ఉంటే దక్షిణపు మూలలో పెట్టండి. అప్పుడు సంవత్సరంలో ఎక్కువ భాగం వాటి నీడ మడుల మీద పడదు. నర్సరీలో మూడడుగులు ఉన్న మొక్కను చూసి దగ్గర దగ్గరగా పెట్టాలనిపిస్తుంది. పదేళ్ళ తర్వాతి వెడల్పు అడిగి తెలుసుకుని ఆ మేరకు చోటు వదలండి. పూలు బాగా పూసే మొక్కలన్నీ ఈ చివరే ఉండనివ్వండి. తేనెటీగలు లేకపోతే దోస, గుమ్మడి కాపు పడిపోతుంది, కాబట్టి అవి రావాలి. అయితే పిల్లల కుర్చీ పక్కకు రానక్కర్లేదు. కుర్చీల దగ్గర పువ్వు కంటే ఆకుకే వాసన ఉన్న మొక్కలు పెట్టుకోండి, నిమ్మగడ్డి, పుదీనా, వాము ఆకు లాంటివి. పోతూ వస్తూ చెయ్యి తగిలితే చాలు, వాసన వస్తుంది.

పిల్లల గురించి మీరు అడగలేదు గానీ నాకు అన్నిటికంటే ఇది ముఖ్యం. ఈ పెరట్లో పిల్లలు ఆకు తుంచి నోట్లో పెట్టుకోవడం నేర్చుకుంటారు, నేర్చుకోవాలి కూడా. అలాంటి చోట గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం ఒక్కటీ ఉండకూడదు. అందంగా ఉందనో, ఎప్పటి నుంచో ఉందనో వదిలేయకండి. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఇప్పుడు ఉంటే చేతి తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా తీయించండి. ఆ కొమ్మల్ని కాల్చొద్దు, పొగ కూడా మంచిది కాదు. టమాటా, బంగాళాదుంప మొక్కల ఆకులు తినేవి కావని కూడా పిల్లలకు చెప్పి ఉంచండి. ఇల్లు పాతదైతే గోడకు వేసిన పాత రంగుల్లో సీసం ఉండి, పెచ్చులూడి మట్టిలో కలిసి ఉండొచ్చు. అనుమానం ఉంటే మట్టి పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా గోడ మొదట్లో నేల మీద తినేవి వేయకుండా, అడుగు భాగం మూసి ఉన్న పెట్టెల్లో బయటి నుంచి తెచ్చిన శుభ్రమైన మట్టి పోసి పెంచుకోండి.

అమ్మగారి కోసం గచ్చు అంచునే ఒక ఎత్తు మడి కట్టించండి. 18 అంగుళాల ఎత్తు, అంచు గట్టు వెడల్పు ఒక అడుగు. ఆ గట్టు మీద కూర్చుని పక్కకు తిరిగితే మట్టి చేతికందుతుంది, వంగక్కర్లేదు. ఒక వైపు నుంచే చెయ్యి పెట్టగలిగే మడి రెండడుగుల వెడల్పు మించకూడదు. రెండు వైపుల నుంచీ అందితే నాలుగడుగులు ఉండొచ్చు. 8 అడుగుల గట్టు మీద నలుగురు హాయిగా కూర్చోవచ్చు కాబట్టి చుట్టాలొస్తే అదనపు కుర్చీల టెన్షన్ కూడా ఉండదు. తలుపు నుంచి ఆ మడి దాకా మెట్టు లేకుండా, జారని పలకలతో 3 అడుగుల వెడల్పు దారి ఉండాలి. ఇద్దరు పక్కపక్కన నడవాలంటే 4 అడుగులు. మడుల మధ్య మీరొక్కరే తిరిగే దారికి 2 అడుగులు చాలు.

మడి ఇటుకతో కడతారా చెక్కతో కడతారా అన్నది మీ ఇష్టం. పాత రైలు పట్టాల కింది దుంగలు మాత్రం వాడొద్దు, వాటికి పుచ్చకుండా క్రియోసోట్ అనే విషపు తారు నూనె పట్టిస్తారు. సరుకు రవాణాకు వాడిన చెక్క పాలెట్లు దొరికితే ముద్ర చూడండి. 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి, పర్వాలేదు. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించినవి, వదిలేయండి.

నీళ్ళ లెక్క ఒకటి గుర్తుపెట్టుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్ళు. నాలుగడుగులకు ఎనిమిదడుగుల మడి దాదాపు 3 చదరపు మీటర్లు. కూరగాయలకు వారానికి 25 మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఆ మడికి 75 లీటర్లు. మండు వేసవిలో ఇంకా ఎక్కువే పడుతుంది. రోజూ పైపైన చిలకరించడం కంటే వారానికి రెండు మూడుసార్లు లోతుగా తడిపితే వేరు కిందికి దిగుతుంది. విత్తనాలు మొలకెత్తే రోజుల్లో మాత్రం పైమట్టి ఆరకూడదు. ఎండుటాకో గడ్డో రెండు మూడు అంగుళాల మందాన పరచండి, కాండానికి తగలకుండా కొంచెం ఎడం ఉంచండి. ఏటా ఒకసారి రెండంగుళాల కంపోస్ట్ వేస్తే నేలకు చాలు.

మీ నేలలో నీళ్ళు ఇంకుతాయో లేదో ముందే చూసుకోండి. ఒక అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపి స్కేలు పెట్టి కొలవండి. గంటకు ఒకటి నుంచి మూడు అంగుళాలు దిగితే మంచి నేల. అంగుళం కూడా దిగకపోతే నేల మీద మడులు వేయొద్దు, అన్నీ ఎత్తు మడులే కట్టుకోండి.

దోమల సంగతి మీరే ప్రత్యేకంగా అడిగారు. మొక్కల వల్ల దోమలు వస్తాయనుకుంటారు. ఆకుల మధ్య నీడలో అవి దాక్కునే మాట నిజమే, కానీ పుట్టేది నిలిచిన నీళ్ళలో. గుడ్డు నుంచి దోమ కావడానికి వేడి రోజుల్లో వారం పది రోజులు చాలు. కుండీ కింది పళ్ళేలు, మూలన బోర్లా పడున్న బకెట్ అడుగున ఉండే పల్లం, గొట్టం కింద తొట్టి, వీటిని వారానికొకసారి ఒంపేసి ఆరనివ్వండి. కూర్చున్నప్పుడు ఒక ఫ్యాన్ పెట్టుకోండి. దోమ బలంగా ఎగరలేదు, ఆ గాలికి దగ్గరికి రాలేదు. వాసన మొక్కలు పక్కన ఉన్నంత మాత్రాన దోమలు పోవు, దాని కోసమే వాటిని కొనకండి. దీపాలు తెల్లనివి కాకుండా పసుపు వెలుగువి, మోకాలి ఎత్తున పెట్టండి. పురుగులు తక్కువ వస్తాయి, కళ్ళకు కూడా సుఖం.

నిప్పుల మీద ఏదైనా కాల్చుకోవాలనుంటే ఆ పొయ్యిని ఇంటికీ, దడికీ, కొమ్మలకూ పది అడుగుల ఎడంగా పెట్టండి. ఎండిన తీగకు నిప్పు త్వరగా అంటుకుంటుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు గచ్చు, పైపులు, దడి గుంజలు. ఆ తర్వాత అమ్మగారి మడి ఒక్కటి, తలుపు పక్కన ఆకుకూరల పట్టీ ఒక్కటి, దడి పాదుల్లో చిక్కుడు గింజలు. మొదటి పంట కారుకు అంతే. దడి అవతలి నేలను ఖాళీగా వదలకుండా అట్టలు పరిచి, వాటిని తడిపి, పైన ఎండుటాకు కప్పి ఉంచండి. కింద గడ్డి చచ్చి మట్టి మెత్తబడుతుంది, తర్వాతి కారుకు తవ్వడం సులువవుతుంది. ఈ లోపు మీ నాలుగు ఫొటోలూ, గుంటలో నీళ్ళు దిగిన లెక్కా, ఇల్లు ఎన్ని అంతస్తులో రాయండి. దడి సరిగ్గా ఎన్ని అడుగుల దూరంలో వేయాలో, పళ్ళ చెట్ల మూల ఏదో చూసి చెప్తాను.